కాగులు వద్దన్న కెప్టెన్

మా ఆయన గోడార్ట్ ఆకెన్ దారిలో సైనికులకు చిక్కి ఆ ఉదయానికి నాలుగు రోజులు. మా హాసెల్‌హోఫ్ ఇత్తడి కార్ఖానా తలుపులు మూసి, ఎత్తుడు వంతెన పైకి లాగి కూడా నాలుగు రోజులే. లోపల ముప్ఫై ఒక్క మందిమి. పేలతాయని నమ్మకమున్న తుపాకులు రెండు. బయట కందకానికి అవతల ఎనభై మంది. వాళ్ళు ఏ రాజు సైన్యమో వాళ్ళకే సరిగ్గా గుర్తున్నట్టు లేదు. కెప్టెన్ పేరు మాత్రం వాల్‌రామ్.

నిన్న సాయంత్రం అతను రాయికి చుట్టి గోడ మీంచి విసిరించిన చీటీ ఇంకా నా గౌను జేబులోనే ఉంది. నలభై కొత్త కాగులు శనివారంలోగా కొట్టి ఇవ్వాలి. ఇస్తే గోడార్ట్ ఇంటికొస్తాడు. పని మొదలైందని తెలియడానికి, ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు సుత్తుల మోత అతని చెవిన పడాలి. పడకపోతే గోడార్ట్ ఎదురుగట్టు మీది ఓక్ చెట్టుకు వేలాడతాడు. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. ఇంత చక్కటి దస్తూరీతో ఇలాంటి మాటలు రాసేవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

"ఇంకా ఆలోచనేమిటే? తూము ఎత్తించు. సుత్తులు వేయించు," అంది మా అత్తగారు మెఖ్టిల్డ్. వంటింటి బల్ల దగ్గర రొట్టె మీద బేరిపండ్ల పాకం రాస్తోంది. ముట్టడి వచ్చినా ముప్పు వచ్చినా ఆవిడ ఉదయం తొమ్మిదింటికి పాకం రాయాల్సిందే.

"కొట్లో నలభై ఆరు కాగులున్నాయి అత్తయ్యా. ఉన్నవి పడేస్తే ఈపాటికి ఆయన ఇంట్లో ఉంటారుగా. శనివారం దాకా ఎందుకు?"

అత్తగారు చాకు ఆపింది. "నీకు అప్పుడప్పుడు బుద్ధి పనిచేస్తుంది సుమా," అంది. పదిహేనేళ్ళ కాపురంలో నాకు ఆవిడ నోట అందిన ప్రశంస అదొక్కటే. దాచుకున్నాను.

మా మామగారు ఆకెన్ వదిలి ఈ స్టోల్‌బెర్గ్ లోయకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి మూడు: బైబిలు, ఇత్తడి చేసే గుట్టు, సాటి మనిషి మీద అపనమ్మకం. మొదటి రెండింటితో కొలిమి కట్టాడు. మూడోదానితో గోడ కట్టాడు. గోడ కట్టేటప్పుడు లోయంతా నవ్విందట. "ఇత్తడి పని చేసుకునేవాడికి బురుజులేమిటయ్యా, నువ్వేమన్నా జమీందారువా?" అని. ఆయన మాట్లాడలేదు. నాలుగు మూలలా నాలుగు బురుజులు లేపి, ఫిష్ట్ వాగును చుట్టూ తిప్పి కందకం చేశాడు. ఆ తర్వాత ఒక యుద్ధం వచ్చింది. పోయింది. నవ్వినవాళ్ళ ఇళ్ళు కూడా దాంతోపాటే పోయాయి. మిగిలినవాళ్ళు మా గోడల లోపల ఆరు వారాలు మా మామగారి రొట్టె తిని, ఆయన జోకులకు నవ్వారు. జోకులు బావుండేవి కావని అత్తగారే చెప్పింది.

ఆయన నీళ్ళ విషయంలో మాత్రం కాస్త పిసినారితనం చేశాడు. కందకానికొక నీరు, సుత్తులకొక నీరు అని రెండు కాలువలు తవ్వడం ఎందుకని, ఒకే వాగును కందకంలో నింపి, అక్కడి నుంచే తూము ద్వారా చక్రానికి వదిలాడు. తూము పలక ఎత్తితే నీళ్ళు చక్రం మీద పడతాయి, చక్రం తిరుగుతుంది, మూడు సుత్తులూ లేచి పడతాయి. పలక దించితే సుత్తులు ఆగుతాయి, కందకం నిండుతుంది. యుద్ధమూ వ్యాపారమూ ఒకే రోజు వస్తాయని ఆయన అనుకోలేదు.

ఈ సంగతి ఆ ఉదయం నా బుర్రకు తట్టలేదు. నాకే కాదు, ఎవరికీ తట్టలేదు. మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు నీళ్ళ లెక్క ఎవరికి గుర్తుంటుంది?

కొట్లోంచి రెండు కాగులు తీయించి, తాడు కట్టించుకుని, ప్రధాన ద్వారం మీది గదిలోకి ఎక్కాను. సుత్తుల మేస్త్రీ టిల్మన్ నా వెనకే వచ్చాడు. అతనికి అరవై దాటాయి. పన్నెండో ఏట నుంచీ సుత్తి పక్కనే బతకడంతో చెవులు పూర్తిగా పోయాయి. మాటలు మాత్రం పోలేదు. తన గొంతు తనకు వినపడదు గనక మిగతా లోకానికి రెట్టింపు వినిపిస్తాడు. అత్తగారు చివరన ఆయాసపడుతూ ఎక్కింది. రావద్దన్నాను. అందుకే వచ్చింది.

కిటికీలోంచి చూస్తే కెప్టెన్ వాల్‌రామ్ గట్టు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. దండయాత్రకు కాక, పిల్లనిచ్చే ఇంటికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"శుభోదయం దొరసానమ్మా!" అన్నాడు టోపీ తీసి. "సుత్తులు ఇంకా నిద్ర లేవలేదేమిటి?"

"వాటితో పని లేదు కెప్టెన్‌గారూ. కాగులు సిద్ధంగానే ఉన్నాయి. నలభై అడిగారు, నలభై ఆరున్నాయి. ఆరు మీ ఓపికకి. ఇదిగో చూడండి." రెండు కాగులూ తాడు మీద కిందికి వదిలాను. ఎండ తగిలి ధగధగ మెరిశాయి. "మా ఆయన్ని గట్టు మీదకి పిలవండి. తాడుకి కట్టి ఒక్కొక్కటే మీ వైపు దించేస్తాం. మధ్యాహ్నం భోజనానికి మీరు మీ దారిన, ఆయన మా ఇంట."

బేరంలో అవతలివాడు ఠక్కున ఒప్పుకుంటే ముందు కాస్త ఖంగు తింటాం, తర్వాత సంతోషిస్తాం. కెప్టెన్ ఆ ఖంగు దగ్గరే ఆగిపోయాడు.

"అవి వద్దు," అన్నాడు చివరికి.

"వద్దా?"

"కొత్తవి కావాలి."

"వీటిలో ఇంతవరకు నీళ్ళు కూడా కాచలేదండీ."

"కొత్తవంటే ఈ వారం కొట్టినవి."

"మీ సైనికులు వండుకునేది గంజేగా? గంజికి కాగు ఎప్పుడు పుట్టిందో తెలుస్తుందా?"

అవతల ఇద్దరు సైనికులు నవ్వారు. కెప్టెన్ వాళ్ళ వైపు చూడగానే నవ్వు మింగేశారు. అతని మెడ ఎర్రబడింది. "అవి వసంతంలో కొట్టిన సరుకు దొరసానమ్మా! మధ్యలో సరిగా కాల్చకుండా కొట్టారు. పెళుసెక్కి ఉంది. రెండుసార్లు పొయ్యెక్కిస్తే అంచులు చీలిపోతాయి. నాకు అంటగడదామని చూస్తున్నారా?"

అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఇత్తడి రేకును సుత్తి కింద పెట్టి కొడుతూ పోతే గట్టిపడుతుంది. మధ్య మధ్యలో నిప్పుల్లో పెట్టి మెత్తబరచాలి. ఒక విడత తొందరపడితే పైకి ఏమీ తెలియదు, వాడుకలో అంచు చీలుతుంది. పోయిన వసంతంలో పెద్ద ఆర్డరు తొందరలో మా కొట్టంలో జరిగిన తప్పు అదే. ఒకటి రెండు చీలాయని తెలిశాక మిగతావి అమ్మకుండా కొట్లో దాచాం. మళ్ళీ కరిగిద్దామని. ఈ లోయలో ఇత్తడివాళ్ళకు పరువు పోవడమంటే అదే. కాబట్టి ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: తప్పు చేసిన టిల్మన్, దాచమన్న మా ఆయన, దాచిన నేను. అత్తగారికి కూడా చెప్పలేదు. చెబితే క్రిస్మస్ దాకా ఇంట్లో మరో మాట ఉండదు.

"వసంతం సరుకు చీలిందా?" అంది అత్తగారు నా చెవిలో. "నాకు చెప్పలేదేమే?"

"అత్తయ్యా, ఇప్పుడు కాదు."

"ఎప్పుడు మరి? నా దినంనాడా?"

"వాడికి ఎలా తెలిసిందో ఆలోచించండి ముందు."

ఆవిడ మూతి ముడుచుకుంది. నేను ఆలోచించాను. టిల్మన్ నాలుగు రోజులుగా గోడల లోపలే ఉన్నాడు. నేనూ అంతే. మూడో మనిషి కెప్టెన్ దగ్గరున్నాడు.

అంటే గోడార్ట్ నోరు విప్పాడు. కొట్టారో, తాగించారో తెలియదు. కొట్టకుండా తాగిస్తే చాలు, మా ఆయన నోరు విప్పుతాడు. కానీ అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అది కాదని అప్పుడు తోచింది. కాగులు కావాలన్నవాడు, చేతికందిన కాగుల్ని వద్దంటున్నాడు. కనక అతనికి కావలసింది కాగులు కాదు. మరేం కావాలి? సుత్తులు. సుత్తులు ఆడితే ఏమవుతుంది?

అది నాకు ఇంజనీర్లు చెప్పనక్కరలేదు. పదిహేనేళ్ళుగా ఈ ఇంటి బట్టలు నేనే ఉతికిస్తున్నాను. కందకంలోకి దిగే చాకలి మెట్లు పన్నెండు. సుత్తులు ఆగి ఉన్న రోజున రెండో మెట్టు మీద నిలబడి ఉతుకుతాం. మూడు సుత్తులూ ఆడిన రోజున మధ్యాహ్నానికి ఆరో మెట్టు. పొద్దుగూకేసరికి పదో మెట్టు దిగితే గాని పాదం తడవదు. తెల్లారేసరికి వాగు మళ్ళీ నింపుతుంది. కానీ ఇది ఆగస్టు. వానలు లేవు. వాగు నూలుపోగులా పారుతోంది. ఈ నెలలో ఒక్కసారి ఖాళీ అయిన కందకం అక్టోబరు దాకా నిండదు.

శనివారం దాకా సుత్తులు ఆడిస్తే నలభై కాగులూ తయారవుతాయి. వాటిని పుచ్చుకోవడానికి ఎనభై మంది ఎండిన కందకం మీదుగా మా పెరట్లోకి నడిచొస్తారు. బూట్లు కూడా తడవవు.

"కెప్టెన్‌గారూ!" అన్నాను. "ముందు మా ఆయన్ని చూపించండి. బతికున్నాడని తెలియకుండా రేకు మీద ఒక్క దెబ్బ కూడా పడదు."

అతను కాసేపు ఆలోచించి వేలు ఎత్తాడు.

గుడారాల మధ్య నుంచి గోడార్ట్ నడిచొచ్చాడు. చేతులకు తాళ్ళు లేవు. ముఖాన దెబ్బ లేదు. ఒంటి మీద తనది కాని నీలం కోటు, మంచి ఉన్నిది, వెండి గుండీలది. గట్టు అంచుకొచ్చి మా కిటికీ వైపు చూశాడు. నన్ను చూశాడో లేదో.

"సిబిల్లా!" అని కేకేశాడు. "సుత్తులు వెయ్యమను! మూడూ!"

కింద పెరట్లో గుమిగూడిన మనుషులు ఒక్కసారిగా గొల్లుమన్నారు. గోడ కన్నంలోంచి చూస్తున్న కొలిమి పనివాడి భార్య గెర్ట్రూడ్ గొంతు అందరికంటే పైన వినిపించింది: "చూశారా! వాళ్ళ కోటు తొడిగించుకుని వాళ్ళకే పని చెయ్యమంటున్నాడు! మనల్ని అమ్మేశాడు!"

"నోరు ముయ్యవే!" అంది అత్తగారు పెరటి వైపు కిటికీలోంచి వంగి. నా వైపు తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. "బానే ఉన్నాడే. బక్కచిక్కలేదు. తిండి పెడుతున్నారు. విన్నావుగా, వెయ్యమంటున్నాడు."

"విన్నానత్తయ్యా."

గోడార్ట్ మళ్ళీ అరిచాడు. "ఆలస్యం చెయ్యకు! నేను చెప్తున్నా, వెయ్యమను!" అంటూ కుడిచెయ్యి ఛాతీ మీదుగా తిప్పి ఎడమ భుజం మీద వేసుకున్నాడు. ఎండకు దురద పుట్టిందేమో అనుకున్నాను. మరోసారి వేసుకున్నాడు. కెప్టెన్ మనిషి ఒకడు భుజం పట్టుకుని వెనక్కి నడిపించాడు.

అప్పుడు పక్క నుంచి టిల్మన్ నా జబ్బ పట్టుకున్నాడు. అమ్మగారి ఒంటి మీద చెయ్యి వేయడం అతని జన్మలో అదే మొదటిసారి.

"ఆపమంటున్నాడమ్మగారూ!" అన్నాడు. అతని లెక్కన అది గుసగుస. పెరడంతా విన్నది.

"ఏమిటి?"

అతను కళ్ళతో నా పెదవులు చదివి తల ఊపాడు. "సుత్తి ఆపమంటున్నాడు. సుత్తుల కొట్టంలో మాకు మాటలుండవు గదమ్మా, మోతలో దేవుడు పిలిచినా వినపడదు. అన్నీ చేతులే. చెయ్యి అడ్డంగా భుజం మీద వేస్తే ‘తూము దించు’. రెండుసార్లు వేస్తే ‘ఎవడేం చెప్పినా దించే ఉంచు’. చిన్నయ్యగారికి పదేళ్ళప్పుడు నేనే నేర్పాను."

"కానీ నోటితో వెయ్యమన్నారు టిల్మన్!" నా పెదవులు అతనికి తెలిసేలా ఒక్కో మాటా విడగొట్టి అన్నాను.

"నోటితో ఏమన్నాడో నాకు తెలీదమ్మగారూ," అన్నాడు టిల్మన్. "నాకు వినపడదు. నేను చూసిందే చెప్తున్నా."



నాకు ముందు వచ్చింది కోపం. తాగి అన్నీ వాగి, ఇప్పుడు తెలివొచ్చి, నీ ప్రాణం నా చేతిలో పెడతావా? నిన్ను చంపే పని నాతో చేయిస్తావా, అదీ చెయ్యి ఊపి? కాపురంలో ఎప్పుడూ ఇంతే. చెత్తంతా తను పోసి, ఊడ్చడం నా వంతు. ఆ కోపం అడుగున ఇంకేముందో చూడడానికి నాకు తీరిక లేదు. చూస్తే నిలబడలేనని కూడా తెలుసు.

పెరట్లోకి దిగాను. అందరూ చుట్టూ మూగారు. మూసలు తీసే చేతుల మీద కాలిన మచ్చలు, రాగి పొడి పట్టి పచ్చబడ్డ జుట్లు. గెర్ట్రూడ్ చంకలో ఎనిమిది నెలల పిల్ల నిద్రపోతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. చాకలి మెట్ల సంగతీ చెప్పాను. టిల్మన్ చూసినదీ చెప్పాను. చీలిన కాగుల సంగతి కూడా చెప్పేశాను. పరువు దాచుకునే రోజు కాదది.

గెర్ట్రూడ్ పిల్లను చంక మార్చుకుని, "నేనన్న మాట..." అంది.

"తర్వాత," అన్నాను.

"మరి ఏం చేద్దామంటారమ్మా?" అన్నాడు ఆమె మొగుడు లెన్నార్ట్.

ముప్ఫై ఒక్క మంది, ఒక్కడు. లెక్క తేలికే. "తూము దించే ఉంటుంది," అన్నాను. "సుత్తులు ఆడవు. పన్నెండు అయ్యాక ద్వారం గదిలోకి ఎవరూ ఎక్కకండి. చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు." నేను చూస్తానని చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇద్దరిని తుపాకులతో తూర్పు బురుజుకు పంపాను. టిల్మన్‌తో మళ్ళీ ద్వారం గదికి ఎక్కాను. గట్టు మీద ఓక్ కొమ్మకు తాడు వేస్తున్నారు. వేసేవాడు ముడి కుదరక రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాడు. గోడార్ట్ ఆ చెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చేతులు కట్టేశారు. నీలం కోటు తీసేసుకున్నారు. కోటు మీద వాళ్ళకు శ్రద్ధ ఎక్కువ.

కొండ మీది చర్చి గంట మొదలైంది. అది క్యాథలిక్కులది, మేం ప్రొటెస్టెంట్లం. మేము వాళ్ళ దగ్గర ఉచితంగా తీసుకునేది టైము ఒక్కటే. ఒకటి. రెండు. గోడార్ట్ తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. ఈసారి నన్నే చూశాడు. అయిదు. ఆరు. నేను కదల్లేదు. అతను చిన్నగా తల ఊపాడు, సంతలో నేను ఎంచిన గుడ్డ బావుందన్నట్టు. తొమ్మిది. పది.

నాకంటే ముందు టిల్మన్‌కు తెలిసింది. అతను వినేది కాళ్ళతో. ఉలిక్కిపడి నేల వైపు చూశాడు. ఆ తర్వాత నాకూ వినిపించింది: ధన్... ధన్... ధన్. కింద రేకు లేకుండా వట్టి దిమ్మె మీద పడే సుత్తి మోత. ఇనుము ఇనుమును కొట్టే మోత.

మెట్లు ఎలా దిగానో తెలియదు. సుత్తుల కొట్టంలో చక్రం నీళ్ళు చిమ్ముతూ తిరుగుతోంది. తూము పలక పైకెత్తి ఉంది. దాన్ని ఎత్తే కర్రమీటను రెండు చేతులా కిందికి నొక్కిపట్టి, తన బరువంతా దానిమీద వేసి కూర్చుంది మా అత్తగారు. టోపీ ఊడిపోయింది. తెల్లజుట్టు తడిసి ముఖానికి అంటుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ మీట ఒంటరిగా ఎలా దించిందో నాకిప్పటికీ అంతుబట్టదు.

"అత్తయ్యా, లేవండి!" ఆవిడకు వినపడేలా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "ఆయనే వద్దన్నారు! టిల్మన్ చెప్పలేదా?"

"చెప్పాడు!" ఆవిడ కూడా అరిచింది. "వాడు వద్దంటే ఊరుకోడానికి నేను వాడికి పెళ్ళాన్ని కాదు! నువ్వు విను వాడి మాట! నేను కన్నాను!"

"ముప్ఫై ఒక్క మందిమి ఉన్నాం లోపల!"

"నాకు లెక్కలు చెప్పకు! నాకు ఒక్కడే!"

లెన్నార్టూ మరో ఇద్దరూ తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఆగిపోయారు. నా వైపు చూస్తున్నారు. నేను ఊ అంటే ఆవిడను ఎత్తి పక్కన పెట్టడానికి ముగ్గురు అక్కర్లేదు, ఒక్కడు చాలు. ఆవిడకూ అది తెలుసు. నా కళ్ళలోకే చూస్తోంది. కళ్ళలో బతిమాలడం లేదు. "అనవే, చూద్దాం," అన్నట్టుంది.

కొట్టం గోడలో పిడికిలి పట్టేంత కన్నం ఉంది. అందులోంచి ఎదురుగట్టు కనిపిస్తుంది. ఆ మోతకు, అంతసేపూ గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉన్న సైనికులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. బెల్టులు బిగించుకుంటున్నారు. ఓక్ చెట్టు కింద మాత్రం, అంతసేపూ నిటారుగా నిలబడ్డ మా ఆయన, సుత్తుల మోత విని, వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూ మోకాళ్ళ మీద కూలబడిపోయాడు.